నిప్పులు రాలని కత్తి

ఆదోనిలో టైలర్ నౌషాద్ అంటే ఏ నౌషాద్ అని అడుగుతారు. కత్తి నౌషాద్ అంటే ఇంకెవరూ అడగరు, అంగడి దాకా వచ్చి చూపించి పోతారు. పేరు విని భయపడాల్సిన పని లేదు. బక్రీదుకు ఇంట్లో పొట్టేలును కోసేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడే మనిషి ఆయన. దేవుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పని పెడతాడు. నౌషాద్ చేతిలో మొదట కత్తెర పెట్టాడు. తర్వాత, ఎందుకో ఆయనకే తెలియాలి, దేశం కాని దేశపు కత్తి పెట్టాడు.

పెళ్ళైన కొత్తలో నౌషాద్ బతుకుదెరువు కోసం బెంగుళూరు పోయి ఒక టైలరింగు షాపులో చేరాడు. ఒకరోజు ఒక జపాను పెద్దాయన పాత లాగు ఒకటి పట్టుకొని వచ్చాడు. లాగు అంటే లాగు కాదు, పావడా అంటే పావడా కాదు. ముందూ వెనకా కుచ్చిళ్ళు, నడుముకు పొడుగాటి పట్టీలు. ఇట్లాంటిది ఇంకొకటి కావాలన్నాడు. షాపులో అందరూ నవ్వి మా వల్ల కాదన్నారు. నౌషాద్ దాన్ని బల్ల మీద పరిచి, ఒక్క కుట్టు కూడా విప్పకుండా వేళ్ళతోనే కుచ్చిళ్ళ లెక్క తెలుసుకొని కుట్టాడు. ఇచ్చి రావడానికి పోతే అక్కడ ఒక హాలులో పదిమంది దాకా మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నారు. ఒక్కొక్కరు ఒర నుంచి కత్తి తీస్తున్నారు, గాలిలో ఒక వేటు వేస్తున్నారు, మళ్ళీ ఒరలో పెడుతున్నారు. అరుపులు లేవు, కొట్లాట లేదు. మసీదులో ఉన్నంత నెమ్మది. నౌషాద్ చెప్పులు చేత్తో పట్టుకొని గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చూశాడు.

ఆ పెద్దాయన పేరు మోరితా. దగ్గరికి వచ్చి, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "ఏం చూస్తున్నావు?" అని అడిగాడు.

"సార్, తీసేటప్పుడు మెరుపు మాదిరి తీస్తాండారు. పెట్టేటప్పుడు మాత్రం అంత నిదానంగా ఎందుకు పెడతాండారు?"

మోరితా గారు నౌషాద్ చేతిలోని చెప్పులను ఒకసారి చూశాడు. ఆ తర్వాత, "కత్తి తీయడం కోపం వచ్చిన ఎవడికైనా చేతనవుతుంది. లోపల పెట్టడమే విద్య. ఆదివారం రా," అన్నాడు.

అట్లా మొదలైంది. కత్తికి, గురువుకు నేల మీద తల ఆనించి మొక్కాలన్నప్పుడు నౌషాద్ ఇబ్బంది పడ్డాడు. అల్లాకు తప్ప ఇంకొకరికి నేలకు తల ఆనించలేనని భయపడుతూనే చెప్పాడు. మోరితా గారు కోపం చేసుకోలేదు. "నీ దేవుడికి దాచుకున్నది నాకెందుకు? గుండె మీద చెయ్యి పెట్టుకో, చాలు," అన్నాడు. ఆ మాటను నౌషాద్ ఎప్పుడు తలుచుకున్నా కళ్ళు తుడుచుకునేవాడు. పరాయి దేశం మనిషి, పరాయి మతం మనిషి, తన మనసు నొవ్వకుండా దారి చూపించాడని.

నాలుగైదేళ్ళకు ఆదోనిలో తల్లి మంచం పట్టింది. నౌషాద్ మూటాముల్లె సర్దుకొని వచ్చేశాడు. వచ్చే ముందు మోరితా గారు తన పాత కత్తి ఒకటి ఇచ్చాడు. చూస్తే అసలు కత్తే, కానీ పదును లేదు. సాధన కోసమే చేసిన కత్తి. "ఇది కోయదు. కానీ కోస్తుందనే అనుకో. ఆ భయం ఏ రోజు పోతే ఆ రోజు నీ విద్య పోయినట్టే," అన్నాడు.

తల్లి పోయింది. పిల్లలు ఎదిగారు. గురువు గారు కూడా ఉద్యోగం చాలించుకొని జపాను వెళ్ళిపోయాడు. నౌషాద్ మాత్రం తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకొని, కత్తిని పాత దుప్పటిలో చుట్టుకొని, ఊరి చివర మూతబడిన జిన్నింగు మిల్లుకు పోతూనే ఉన్నాడు. ఒకప్పుడు అక్కడ పత్తి బోరాలు కొండల మాదిరి ఉండేవి. ఇప్పుడు బండల నేల, రేకుల కప్పు, పావురాలు. ఆ మిల్లుకు కాపలా ఉండే సోమప్ప ఆస్పరి దగ్గర పల్లె వాడు. వానలు లేక చేను బీడు పడితే ఈ కాపలాకు వచ్చాడు. నౌషాద్ వచ్చే వేళకు ముందే లేచి బండల మీద బక్కెట్టుతో నీళ్ళు చిలకరించి ఉంచేవాడు, దుమ్ము లేస్తే సాయిబుకు దగ్గు వస్తుందని. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు.

"ఏం సాయిబూ, ఈ పొద్దు గాలిని ఎన్ని ముక్కలు సేసినావు?" అని నవ్వేవాడు.

"ఒక్క ముక్క కూడా సరింగా తెగలేదప్పా."

"గాలి గదా, మళ్ళా అతుక్కుంటాది. బట్ట అయితే నీకు నష్టం."

సోమప్ప హాస్యానికి అన్నా, నౌషాద్‌కు అది హాస్యంగా ఉండేది కాదు. బట్ట తప్పు తెగితే తెలుస్తుంది, గాలి తప్పు తెగితే ఎవరికి తెలుస్తుంది? ఎంత పనిమంతుడైనా టైలరు తన కొలత తాను తీసుకోలేడు. చెయ్యి ఎత్తితే భుజం మారిపోతుంది. వంగి చూస్తే నడుము మారిపోతుంది. కొలిచేందుకు ఇంకొక మనిషి ఉండాలి. ఇన్నేళ్ళూ నౌషాద్ తన కొలత తానే తీసుకుంటూ వచ్చాడు. మొదట్లో నలుగురు కుర్రవాళ్ళు నేర్చుకుంటామని వచ్చారు. కూర్చోవడం, లేవడం, ఒరలో పెట్టడం, ఇదే నెలల తరబడి అంటే విసుగెత్తి, "ఫైటింగు ఎప్పుడు నేర్పిస్తావు మామా?" అని అడిగి మానేశారు. ఫోనులో వీడియోలు చూసుకున్నాడు. అద్దం తెచ్చి గోడకు ఆనించుకున్నాడు. అద్దంలో కుడి ఎడమ అవుతుంది, దానితో ఇంకా తికమక అయింది. తాను చేస్తున్నది ఆ విద్యేనా, లేక ఆ విద్య పేరు పెట్టుకున్న ఇంకేదో అలవాటా అనే అనుమానం ఆయన్ను ముసురు మాదిరి పట్టుకుంది. మోకాళ్ళు కూడా నొప్పి పెట్టసాగాయి.

అట్లాంటి సమయంలో బెంగుళూరు నుంచి ప్రకాష్ ఫోను చేశాడు. ఇద్దరూ ఒకేసారి ఆ హాలులో చేరినవాళ్ళు.

"అన్నా, గురువు గారు వస్తున్నారు. ఎనభై దాటింది, ఇదే కడసారి అంటున్నారు. దసరాకు ముందు ఆదివారం. పాతవాళ్ళు అందరూ ఒక్కొక్కరు ఆయన ముందర చేసి చూపించాలంట. నీ పేరు ఆయనే అడిగినారు."

నౌషాద్ ఫోను పెట్టేసి, సరిగ్గా ఉన్న కుట్టునే విప్పడం మొదలుపెట్టాడు. భార్య జహీరా బీ కాఫీ తెచ్చి, "ఏమైంది అజీ?" అని అడిగింది.

"గురువు గారు చూస్తారంట."

"మంచిదే గదా. ఆ మొగం ఎందుకట్ల పెట్టినారు?"

"బాగుందంటారని ఆశ లేదు జహీరా. తప్పు అంటారేమో, అనని. తప్పని సెప్పేవాడు దొరికితే సాలు. ఇన్నేండ్లు సేసింది తప్పో ఒప్పో తెలీకుండా సచ్చిపోతానేమో అని భయంగా ఉంది."

జహీరా బీకి ఆ కత్తి విద్య ఏమీ అర్థం కాదు. మనిషి అర్థమవుతాడు. మరుసటి రోజే ఎమ్మిగనూరులోని పుట్టింటికి పోయి, అన్న మగ్గం మీద నేసిన తెల్లటి గట్టి బట్ట తెచ్చింది. "గురువు ముందర పాతబట్టలతో నిలబడతారా?" అంది. నౌషాద్ ఆ బట్టతో కొత్త అంగీ కుట్టుకున్నాడు. పండగ బట్టలు కుట్టే గిరాకీలు నెత్తి మీద ఉన్నా, ఆ అంగీ అంచులు మాత్రం చేతితోనే కుట్టాడు.

ఇక్కడ మాదన్న గురించి చెప్పాలి. సైకిలుకు సాన చక్రం బిగించుకొని వీధి వీధి తిరిగే మాదన్నను ఆ చుట్టుపక్కల ఎరగనివారు లేరు. నౌషాద్ కత్తెరకు నెలనెలా పదును పట్టేది ఆయనే. వయసులో పెద్ద, మాటలో పెద్ద, మనసు ఇంకా పెద్ద. దసరాకు ముందు ఆయనకు ఒక నియమం ఉంది. తాను తిరిగే వీధుల్లో ఆయుధ పూజ నాటికి మొద్దు ఇనుము ఉండకూడదు. కూరల కత్తి గానీ, కొడవలి గానీ, మంగలి కత్తి గానీ, డబ్బులు ఇచ్చేవాళ్ళు ఇస్తారు, ఇవ్వలేని వాళ్ళకు ఊరికే పట్టి ఇస్తాడు. మొద్దు ఇనుము పండగ చూస్తే ఆ ఇంటికి మంచిది కాదని వాళ్ళ నాయన చెప్పాడంట. సాయిబుల ఇళ్ళయినా సరే, ఆయన లెక్కలో ఇనుము ఇనుమే.

ఆ సంవత్సరం మాదన్న నౌషాద్ వీధికి వచ్చింది ప్రయాణానికి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం. నౌషాద్ జుమ్మా నమాజుకు పోయాడు. జహీరా బీ అంగట్లోంచి కత్తెర తెచ్చి ఇచ్చింది. అది పట్టి ఇచ్చేటప్పుడు మాదన్న కళ్ళు లోపల గోడకు ఉన్న కత్తి మీద పడ్డాయి.

"సెల్లెమ్మా, గురువు కాడికి పోతాండాడంట గదా మనోడు. అదేనా కత్తి? ఇట్ల తే, సూస్తా."

ఒర తీసి, అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"అయ్యో రామా! ఇది రొట్టె కూడా కోయదు. ఇంత మొద్దు కత్తి ఎత్తుకొని గురువు ముందరికి పోతే మనోడి మానముంటాదా? ఆదోనిలో సాన పట్టే మొగోడు లేడనుకోరూ?"

"ఆయన రానీలే మాదన్నా, అడిగి సేద్దువు."

"వచ్చినాడంటే వద్దంటాడు. మొగమాటం మనిషి. నువ్వూ సెప్పాకు. ఆడ గురువు కాడ తీసినప్పుడే తెలియాల. అప్పుడు తలుసుకుంటాడు మాదన్నను."

జహీరా బీకి కూడా అది బాగానే తోచింది. భర్తకు ఇంతమంది మేలు కోరేవాళ్ళు ఉన్నారని సంతోషమే కలిగింది. మాదన్న పెడలు తొక్కాడు. చక్రం తిరిగింది. కత్తి ఆనించాడు. నిప్పులు రాలలేదు.

ఇనుమును సానకు పెడితే నిప్పులు రాలాలి. ఆయన బతుకంతా ఆ నిప్పుల వెలుగులోనే నడిచింది. ఇదేమి ఇనుమురా నాయనా అనుకొని ఇంకా గట్టిగా అదిమాడు. బూడిద రంగు పొడి రాయికి అంటుకుంది తప్ప నిప్పు పుట్టలేదు. అది ఇనుము కాదని, సాధన కోసం పోత పోసిన మెత్తటి లోహమని ఆయనకు ఎవరు చెప్పాలి? చెమటలు కారుతున్నా వదలకుండా మొదలు నుంచి కొన దాకా పట్టాడు. చివరికి ఒక పేపరు ముక్క మీద లాగి చూసి, అది రెండయితే, చిన్నపిల్లవాడి మాదిరి నవ్వాడు. నూనె గుడ్డతో తుడిచి, ఒరలో పెట్టి, జహీరా బీ చేతికి ఇచ్చి పోయాడు.

శనివారం పొద్దున నౌషాద్ కొత్త అంగీ వేసుకొని మిల్లుకు పోయాడు. రైలు సాయంత్రం. సోమప్ప నీళ్ళు చల్లి, ఆ రోజు ప్రత్యేకం అని ఒక మూల ఈతచాప కూడా వేసి పెట్టాడు. నౌషాద్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, బిస్మిల్లా అనుకున్నాడు, కత్తి తీశాడు. తీసేటప్పుడు ఒరలో ఏదో గరగరమంది. కొత్త అంగీ చెయ్యి తగిలిందేమో అనుకున్నాడు. వేటు వేశాడు. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాలేదనిపించింది. ఇక పెట్టాలి. ఎడమ చేత్తో ఒర మూతి పట్టుకొని, చూడకుండా, కత్తి వెన్నును దాని మీదుగా జరిపి, కొన లోపలికి దిగేలా చెయ్యాలి. చూడకుండానే పెట్టాడు.

మొదట నొప్పి తెలియలేదు. సోమప్ప కేక వినిపించింది. తెల్ల అంగీ ముందు భాగం ఎర్రగా అవుతోంది.

సోమప్ప పరుగెత్తుకొచ్చి తన తలగుడ్డ విప్పి, తెగిన ఎడమ బొటనవేలికి బిగించి కట్టాడు. నౌషాద్ అరవలేదు. కింద పడిన కత్తి అంచునే చూస్తున్నాడు. అంచు పొడుగునా ఏటవాలుగా సన్నటి గీతలు. నెలనెలా తన కత్తెర మీద చూసే గీతలే. ఆ చెయ్యి ఎవరిదో తెలియడానికి ఒక్క క్షణం పట్టలేదు. దాని వెనకే ఇంకొకటి తెలిసింది. అది మరింత లోతుగా దిగింది.

ఒర పట్టేటప్పుడు బొటనవేలు ఉండాల్సిన చోట ఉండటం లేదు. ఒర మూతికి కిందుగా ఉండాలి. అది పైకి పాకి, అంచు పోయే దారిలోకి వచ్చింది. ఎప్పుడు పాకిందో? ఒక ఏడాదా, పదేళ్ళా? కొత్తలో మోరితా గారు ఆ వేలిని తన వేలితో ఎన్నిసార్లు కిందికి నెట్టాడో! నెట్టేవాడు లేనప్పుడు అది మెల్లగా పైకి వచ్చింది. మొద్దు కత్తి రోజూ దాని మీదుగా పోతూ, రోజూ క్షమిస్తూ వచ్చింది. భయం ఏనాడో పోయింది, తనకు తెలియకుండానే. తప్పో ఒప్పో చెప్పేవాడి కోసం బెంగుళూరు పోవాలనుకున్నాడు. ఆ మాట ఇక్కడే, ఈ బండల మీదే తెలిసిపోయింది.

"సోమప్పా, అంగట్లో కత్తెరతో కోసుకున్నానని సెప్పు ఎవురడిగినా."

"కత్తెరా? ఈడ కత్తెర యాడుందప్పా?"

"అట్లే సెప్పు. ఈ కత్తి సంగతి మాదన్నకు తెలిస్తే ఆ ముసలాయన బతకడు."

కర్నూలులో డాక్టరు తెగిన నరాన్ని అతికించి కుట్టాడు. ఎంతో ఓపికగా, మంచిగా మాట్లాడాడు. అయినా బొటనవేలు ఇదివరకటి మాదిరి వంగడం కష్టమని దాచకుండా చెప్పాడు. ఆదివారం వచ్చింది. ప్రకాష్ ఫోను చేసి, వీడియోలోనైనా గురువుగారికి కనబడమన్నాడు. నౌషాద్ ఒప్పుకోలేదు. కనబడి ఏం చూపించాలి? రాత్రికి ప్రకాష్ మళ్ళీ చేసి, "అందరిదీ అయిపోయిన తర్వాత గూడా గురువుగారు కాసేపు గుమ్మం వైపు చూస్తా కూర్చున్నారన్నా. చెప్పులు చేత్తో పట్టుకొని నిలబడేవాడు రాలేదా అన్నారు," అన్నాడు. నౌషాద్ ఫోనును ఒడిలో పెట్టేశాడు. పక్కనున్న జహీరా బీ ఫోను తీసుకొని, ఆరోగ్యం బాగాలేదని చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత శుక్రవారం నాటి సంగతంతా చెప్పి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"నేనే ఇచ్చినాను అజీ. ఈ చేతుల్తోనే."

"నువ్విచ్చింది మంచి మనసుతో. ఆయన పట్టిందీ మంచి మనసుతోనే. యాడుండాల్నో ఆడ లేనిది నా వేలే జహీరా."

కత్తెర మాట మాదన్న మేలుకే పుట్టింది. అదే ఆయన పాలిట శాపమైంది. కత్తెరకు పదును పట్టిందీ ఆయనే గదా! విన్న రోజే వచ్చి అంగడి మెట్టు మీద కూలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేను పట్టిన పదునే గదప్పా నీ సెయ్యి కోసింది. పండగని ఇంత ఎక్కువ పట్టినాను. నా సేతులు ఇరిగిపోను."

"నీ తప్పేం లేదు మాదన్నా, నా అజాగర్త."

"అజాగర్త మనిషివి కాదు నువ్వు. నాకు తెల్దా?"

సైకిలును ఇంటి గోడకు ఆనించి, చక్రానికి గోనెపట్టా కప్పేశాడంట. వీధిలో కత్తులు మొద్దుబారాయి. ఆడవాళ్ళు గుమ్మాల రాళ్ళ మీదే రుద్దుకుంటూ, "మాదన్న ఎందుకు రాడో," అనుకున్నారు. నౌషాద్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. నిజం చెబితే ఆయన ఇచ్చిన కానుకే కోసిందని చెప్పాలి. చెప్పకపోతే ఆయన పనే కోసిందని నమ్ముతున్నాడు. రెంటిలో ఏది తక్కువ బాధో ఐదు పూటలా నమాజులో అడిగాడు.

ఒకరోజు పొద్దున కత్తెరను బయటికి తీశాడు. చెయ్యి తెగినప్పటి నుంచి బట్ట ముట్టలేదు కాబట్టి మాదన్న పట్టిన పదును పట్టినట్టే ఉంది. గుమ్మం రాయి మీద కూర్చొని, ఆ పదునంతా పోయేదాకా కుడిచేత్తో రుద్దాడు. జహీరా బీ వచ్చి చూసింది. ఏమిటని అడగలేదు, పక్కన నీళ్ళ చెంబు పెట్టి పోయింది. ఆ తర్వాత మాదన్న ఇంటికి పోయాడు.

"మాదన్నా, మొద్దుబారింది. పట్టు."

"నేను పట్టను సాయిబూ. ఇంకెవురి దగ్గరికన్నా పో."

"ఇంకెవురికీ ఇయ్యలేదు ఇన్నేండ్లు. ఇప్పుడిస్తానా? నువ్వు పట్టకపోతే ఇట్లే మొద్దుగా ఉండనీ. మొద్దు ఇనుము ఇంట్లో ఉంటే మంచిది కాదన్నది నువ్వే గదా."

మాదన్న కత్తెర అందుకున్నాడు. ఆ తర్వాత లేచి గోనెపట్టా తీశాడు. చక్రం మొదట కీచుమంది, తర్వాత తిరిగింది. కత్తెర ఆనించగానే నిప్పులు జల్లున రాలాయి.

"సూడప్పా, ఇనుమంటే ఇట్లుండాల," అన్నాడు మాదన్న తనకు తెలియకుండానే. అని, కాసేపాగి, సిగ్గుపడుతున్నట్టు, "నీకు సెప్పలే గానీ, నీ జపాను కత్తికి గూడా పట్టినా, పండక్కి. దానికి నిప్పే రాలే. సూసినావా ఎట్లుందో?" అని అడిగాడు.

"సూసినాను మాదన్నా," అన్నాడు నౌషాద్. కట్టు కట్టిన చేతిని ఒడిలోకి జరుపుకున్నాడు. "పదును బాగా పట్టినావు."

ఆ మాటలో అబద్ధం లేదు. మాదన్న ముఖం విప్పారింది. పండగ తర్వాత ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. మరుసటి రోజు నుంచి ఆయన సైకిలు గంట వీధుల్లో మళ్ళీ వినబడింది.

నౌషాద్ చేతి కట్టు విప్పారు. వేలు వంగలేదు. కత్తిరించాలంటే ఎడమ చేత్తో బట్టను బిగించి పట్టుకోవాలి. అది జారిపోతుంది, జారిన బట్టను కత్తెర నమిలేస్తుంది. గిరాకీలు కొన్నాళ్ళు జాలితో వచ్చారు, తర్వాత వాళ్ళ అవసరాలు వాళ్ళవి. ఇప్పుడు ఆయన గుండీలు కుడతాడు, కుట్లు విప్పుతాడు. కత్తిని అదే పాత దుప్పటిలో చుట్టి పెట్టె అడుగున పెట్టాడు. మిల్లు వైపు పోవడం లేదు. సోమప్ప కొన్నాళ్ళు బండల మీద నీళ్ళు చల్లి ఎదురు చూశాడంట.

మాదన్న మాత్రం నెలనెలా వస్తాడు. "ఏం సాయిబూ, కత్తెర తే," అని గుమ్మంలో నిలబడి కేకేస్తాడు. ఆయన వచ్చే రోజు నౌషాద్‌కు గుర్తే. ఆ పొద్దున నమాజు అయిన తర్వాత, ఏ బట్టా కోయని ఆ కత్తెరను తీసుకొని, గుమ్మం రాయి మీద కూర్చొని, మొద్దుబారేదాకా రుద్దుతాడు. రుద్దేటప్పుడు వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటూ రుద్దుతాడు.